సుయోధనుడి మీద ఇష్టం, ద్రౌపదికి ఉన్న బాకీ

సుయోధనుడంటే నాకు ఇష్టం. మొహమాటం లేకుండానే చెప్తున్నాను, ఎందుకంటే తెలుగునాట ఈ ఇష్టం ఉన్నవాళ్లు తక్కువేం కాదు. స్కూలు వార్షికోత్సవంలో అట్టముక్కకు బంగారు కాగితం అంటించి కిరీటం పెట్టుకున్న పిల్లాడు గద భుజాన వేసుకుని "ఏమంటివి ఏమంటివి" అని మొదలుపెట్టగానే వెనక బెంచీల నుంచి ఈలలు వస్తాయి. ఆ ఈలలు భారతంలో ప్రతినాయకుడికి పడుతున్నాయన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు. గుర్తొచ్చాక మాత్రం ఒక ఇబ్బంది మొదలవుతుంది. నిండు సభలోకి ఒక స్త్రీని జుట్టు పట్టి ఈడ్చుకురమ్మన్నవాడు మనకి ఎలా నచ్చాడు?

ఈ ప్రశ్నకి నేను ఎక్కువగా విన్న జవాబులు రెండు. ఒకటి, "అసలు ఆయన తప్పేమీ లేదు, పాండవులే మోసగాళ్లు, కథ గెలిచినవాళ్లు రాసుకున్నది" అనేది. రెండోది, "అధర్మపరుణ్ణి మెచ్చుకోవడం ఏంటి, సినిమాలు చూసి పాడైపోయారు" అనేది. పైకి ఎదురెదురు వాదాల్లా ఉన్నా రెండూ ఒకే నమ్మకం మీద నిలబడ్డాయి. ఒక మనిషి నచ్చాడంటే అతను చేసిన పనులన్నీ ఒప్పుకున్నట్టే అనే నమ్మకం అది. అందుకే మొదటివాళ్లు తప్పుల్ని కడిగేయాలని చూస్తారు, రెండోవాళ్లు ఇష్టాన్నే చెరిపేయమంటారు. నాకు రెండూ అక్కర్లేదనిపిస్తుంది. జాలి, అభిమానం, సమర్థన, ఈ మూడూ వేరువేరు. వీటిని విడదీయాలంటే ముందు మనకి నచ్చిన సుయోధనుడు ఎక్కణ్ణుంచి వచ్చాడో చూడాలి.

చాలామందికి ఆయన వ్యాసుడి దగ్గర్నుంచి రాలేదు, 1977 సంక్రాంతికి వచ్చాడు. ఆ ఏడాది జనవరి 14న విడుదలైన 'దానవీరశూరకర్ణ'లో ఎన్టీ రామారావు దర్శకత్వం వహిస్తూనే కర్ణుడు, కృష్ణుడు, సుయోధనుడు, మూడు వేషాలూ తానే వేశారు. మాటలు కొండవీటి వెంకటకవివి. పేరు కర్ణుడిదే అయినా థియేటర్ నుంచి జనం ఇంటికి మోసుకెళ్లింది సుయోధనుడి గొంతుని. అంతకుముందు తెలుగు తెర మీద దుర్యోధనులు లేరని కాదు. 'మాయాబజార్'లో ముక్కామల ఉన్నారు, 1965 నాటి 'పాండవ వనవాసం'లో ఎస్వీ రంగారావు ఉన్నారు, ఆ ఠీవి ఇంకెవరికీ రాదు. కానీ వాళ్లని మనం ఎదుటిపక్షం వాళ్లుగానే చూశాం. 1966లో 'శ్రీకృష్ణ పాండవీయం'తో సంగతి మారడం మొదలైంది. ఏ ముఖాన్ని జనం కృష్ణుడిగా పటం కట్టించుకుని గోడకి తగిలించుకున్నారో అదే ముఖం అందులో కృష్ణుడూ అయింది, దుర్యోధనుడూ అయింది. ఇది చిన్న విషయం కాదు. ఆ పాత్ర మీద మనకి అనుమానం కలిగేలోపే ఆ నటుడి మీద మనకున్న ప్రేమ వెళ్లి పాత్ర పక్కన కూర్చుంటుంది. పైగా కెమెరా ఎవరి ముఖానికి దగ్గరగా వెళ్తుందో, ఎవరి లోపలి బాధకి సమాసాల మీద సమాసాలు దొరుకుతాయో, ఎవరికి ఒంటరిగా మాట్లాడుకునే సీను దొరుకుతుందో వాళ్ల వైపు నుంచి కథ చూడటం ప్రేక్షకుడికి తెలియకుండానే జరిగిపోతుంది. మయసభలో భంగపడ్డ సుయోధనుడు గదిలో తనలో తాను రగిలిపోయే సీను చూడండి. ఆ కాసేపూ లోకమంతా ఆయన అవమానం చుట్టూనే తిరుగుతుంది. అలాంటి సీను ద్రౌపదికి రాసి ఉంటే మనం ఎవరి వైపు ఉండేవాళ్లం?

అయితే ఇదంతా సినిమా చేసిన మాయ అని తేల్చేయడం కూడా తప్పే. సినిమా లేనిది పుట్టించలేదు. వ్యాసభారతం ఆదిపర్వంలోనే ఆ విత్తనం ఉంది, అదీ బలంగా ఉంది.

కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన జరుగుతోంది. అర్జునుడు చేసిందంతా నేనూ చేస్తానని కర్ణుడు వచ్చాడు, చేసి చూపించాడు. ద్వంద్వయుద్ధం అడిగేసరికి కృపాచార్యుడు లేచి, ఇతను పాండురాజు కొడుకు, కురువంశంవాడు, నువ్వెవరు, నీ తల్లిదండ్రులెవరు, ఏ రాజవంశం అని అడిగాడు. కర్ణుడు తల దించుకున్నాడు. అప్పుడు మాట్లాడిన ఒకే ఒక్కడు దుర్యోధనుడు. రాజుతో తప్ప అర్జునుడు యుద్ధం చెయ్యనంటే ఇతన్ని ఇప్పుడే అంగరాజ్యానికి రాజుని చేస్తున్నానన్నాడు, అక్కడికక్కడే అభిషేకం చేయించాడు. బదులుగా ఏమివ్వను అని కర్ణుడు అడిగితే నీ స్నేహం చాలన్నాడు. ఇంతలో కర్ణుణ్ణి పెంచిన తండ్రి, రథాలు తోలే సూతుడైన అధిరథుడు చెమటలు కక్కుతూ కర్ర పట్టుకుని వచ్చాడు. కొత్తగా రాజైన కర్ణుడు అభిషేకంతో తడిసిన తలనే ఆయన పాదాల దగ్గర పెట్టాడు. అది చూసి భీముడు నవ్వాడు. నీకు రాజ్యం ఎందుకు, నీ కులానికి తగిన కొరడా పట్టుకో అన్నాడు. దుర్యోధనుడు దానికి ఇచ్చిన జవాబు నాకు మొత్తం భారతంలోనే ఇష్టమైన చోట్లలో ఒకటి. శూరుల పుట్టుకా నదుల పుట్టుకా తెలుసుకోవడం కష్టం అంటాడు. ద్రోణుడు కుండలో పుట్టాడు, కృపుడు రెల్లుగడ్డిలో పుట్టాడు, మీరెలా పుట్టారో కూడా నాకు తెలుసు అంటాడు. వ్యాసుడి దగ్గర కొన్ని శ్లోకాల్లో అయిపోయిన ఈ మాటనే కొండవీటి వెంకటకవి పెంచి, కురువంశం చరిత్ర మొత్తం తవ్వి, ఇది క్షాత్ర పరీక్షా క్షత్రియ పరీక్షా అని నిలదీసే స్థాయికి తీసుకెళ్లారు.

మనకి ఆ సీను ఎందుకంత తగులుతుందో వివరంగా చెప్పక్కర్లేదనుకుంటాను. మీరెవరు, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగి, ఇంటిపేరు చెప్పించుకుని, దాన్నిబట్టి మంచినీళ్లు ఏ గ్లాసులో ఇవ్వాలో నిర్ణయించుకునే ఇళ్లు మన ఊళ్లలో ఉన్నాయి. ప్రతిభ చూపించాక కూడా పుట్టుక అడిగించుకున్నవాడు, అడిగించుకున్నదాని బరువు ఇంట్లో పెద్దవాళ్ల ముఖాల్లో చూసినవాడు, ఆ థియేటర్‌లో కూర్చుని ఉన్నాడు. తన తరఫున ఒక మహారాజు లేచి నిలబడి గురువుల్ని గద్దించడం అతను జీవితంలో మొదటిసారి చూశాడు. ఆ ఈలలో ఆ దెబ్బ తిన్న ఆత్మగౌరవం ఉంది. దాన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ.

ఇక్కడే వ్యాసుడు ఇంకో మాట కూడా చెప్పాడు, అభిమానులం దాన్ని చదవకుండా దాటేస్తుంటాం. ఆ ప్రదర్శన ముగిసి పొద్దు గూకాక, కర్ణుడు దొరికినందువల్ల దుర్యోధనుడికి అర్జునుడి భయం పోయింది అంటాడు. అంటే ఆ అభిషేకంలో లెక్క ఉంది. చిన్నప్పట్నుంచీ పాండవులంటే గుండెల్లో గుబులున్న రాజకుమారుడికి అర్జునుడికి సరిజోడు కావాలి, దొరికాడు, పట్టుకున్నాడు. దీన్ని బయటపెట్టి చాలామంది "చూశారా, అంతా స్వార్థమే" అని కొట్టేస్తారు. నాకు అలా అనిపించదు. స్వార్థం ఉండొచ్చు, అదే సమయంలో ఆ మాట నిజమూ కావచ్చు. కృపుడి ప్రశ్న అన్యాయమైనది, దాన్ని అన్యాయమని ఆ రంగస్థలం మీద గట్టిగా అన్నవాడు దుర్యోధనుడొక్కడే, ధర్మరాజు కాదు, విదురుడు కాదు, కొడుకుని గుర్తుపట్టి మూర్ఛపోయిన కుంతి కాదు. ఆ తర్వాత కూడా ఆయన కర్ణుడి విషయంలో మాట తప్పలేదు. గంధర్వుడు చిత్రసేనుడి చేతిలో చిక్కిన రోజు కర్ణుడు యుద్ధం వదిలి తప్పించుకున్నా ఆయన్ని నిందించలేదు. భానుమతితో కర్ణుడు పాచికలాడుతుంటే హారం తెగి ముత్యాలు చెల్లాచెదురైన కథ, ఏరివ్వనా గుచ్చివ్వనా అని దుర్యోధనుడు అడిగిన కథ వ్యాసుడిలో లేదు, దక్షిణాదిలో పుట్టింది. లేకపోయినా దాన్ని జనం నమ్మారు, ఎందుకంటే ఆ స్నేహానికి అది అతికినట్టు సరిపోయింది.

జాలికి రెండో ఊట యుద్ధం చివర్లో ఉంది. కౌరవ సేనాపతులు ఒక్కొక్కరూ ఎలా పడ్డారో చూస్తే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది. శిఖండిని ముందు పెట్టుకుని భీష్ముణ్ణి, అశ్వత్థామ చచ్చాడన్న మాటతో ద్రోణుణ్ణి, రథచక్రం ఎత్తుకుంటున్నప్పుడు కర్ణుణ్ణి కొట్టారు. చివరికి ద్వైపాయన సరస్సులో దాక్కున్న దుర్యోధనుణ్ణి బయటికి పిలిచి, మా ఐదుగురిలో ఎవరినైనా ఓడించు, రాజ్యం నీదే అని ధర్మరాజు అనేశాడు. కృష్ణుడు తల పట్టుకున్నాడు, నకులుణ్ణో సహదేవుణ్ణో ఎంచుకుంటే మన గతేంటని కోప్పడ్డాడు. దుర్యోధనుడు అలాంటి బేరం ఆడలేదు. మీలో ఎవరొచ్చినా సరేనన్నాడు, భీముడు ముందుకొచ్చాడు. నాభికి కింద కొట్టకూడదన్న గదాయుద్ధ నియమం తప్పి భీముడు తొడలు విరగ్గొట్టాడు. ఇద్దరికీ గద నేర్పిన బలరాముడు నాగలి ఎత్తుకుని భీముడి మీదికి వెళ్లబోయాడు. పడిపోయిన దుర్యోధనుడు, చదువుకున్నాను, దానాలిచ్చాను, భూమినేలాను, క్షత్రియుడు కోరుకునే చావు చస్తున్నాను, నాకంటే అదృష్టవంతుడెవడు అంటాడు. అప్పుడు ఆకాశం నుంచి పూలవాన కురిసిందని రాసింది వ్యాసుడే, పాండవులు సిగ్గుపడ్డారని రాసిందీ ఆయనే. ఎవరో అభిమాని తర్వాత చేర్చుకున్న సీను కాదిది. స్వర్గానికి వెళ్లిన ధర్మరాజుకి అక్కడ సింహాసనం మీద వెలిగిపోతున్న దుర్యోధనుడు కనిపించడం కూడా మూలంలోదే.

తర్వాతి కవులు ఆ తొడలు విరిగిన మనిషి చుట్టూ తిరిగారు. భాసుడి పేరున ఉన్న సంస్కృత నాటకం 'ఊరుభంగం'లో చిన్న కొడుకు దుర్జయుడు వచ్చి తండ్రి ఒళ్లో కూర్చోబోతాడు, కూర్చోవడానికి ఒడి లేదు. కన్నడంలో పదో శతాబ్దం చివరి రన్నడు 'గదాయుద్ధం' రాశాడు. తన రాజుని భీముడితో పోల్చి పొగడటం ఆయన పని, అంటే నాయకుడు భీముడే. అయినా యుద్ధభూమిలో శవాల మధ్య నడిచే దుర్యోధనుడి దగ్గరికి వచ్చేసరికి రన్నడి కలం తడిసిపోతుంది. దుర్యోధనుడు ద్రోణుడి కోసం, తమ్ముడి కోసం, కర్ణుడి కోసం ఏడుస్తాడు, తనవాళ్లే చంపిన అభిమన్యుడి శవం ముందు చేతులు జోడించి, నీలాంటి చావు నాకూ రావాలని కోరుకుంటాడు. రన్నడి కంటే ముందు, 941 ప్రాంతంలో, మన వేములవాడ చాళుక్యుల ఆస్థానంలో కూర్చునే పంపడు తన భారతం రాశాడు. అర్జునుడితో పోల్చి రాజుని పొగిడే కావ్యంలోనే, భారతంలో ఎవరినైనా తలుచుకోవాలంటే కర్ణుణ్ణి తలుచుకో అని చెప్పాడు. కేరళలో కొల్లం జిల్లా పోరువళిలో మలనడ అనే దుర్యోధనుడి గుడి ఇప్పటికీ ఉంది. దాహంతో వచ్చిన ఆయనకి కురవ కులానికి చెందిన ఒక ముసలామె కల్లు పోసిందని, ఆయన కాదనకుండా తాగాడని అక్కడి కథ. తక్కువ కులమని అందరూ అన్నవాళ్ల చేతి కల్లు తాగిన రాజు, సూతుడి కొడుక్కి కిరీటం పెట్టిన రాజు, ఈ రెండూ ఒకే మనిషి గురించిన కథలుగా జనానికి తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఇంతవరకూ వచ్చాక ఒక మాట తేల్చుకోవచ్చు. ఈ జాలి మన మనసులోని వంకర కాదు. కావ్యం మనసుకి ఎలా తగులుతుందో శాస్త్రంగా రాసిన మన ఆలంకారికులకి ఇది ఎప్పుడో తెలుసు. రంగస్థలం మీద పాత్ర పడే బాధ ప్రేక్షకుడిలో రసమయ్యే తీరుని వివరిస్తూ భట్టనాయకుడు సాధారణీకరణం అనే మాట వాడాడు. అక్కడున్న శోకం ఫలానావాడి శోకంగా మిగలదు, నాది పరాయిది అన్న గీత కాసేపు చెరిగిపోయి శోకం శోకంగా మనకి అందుతుంది అని దాని సారం. తొడలు విరిగి మట్టిలో పడి ఉన్నవాడి బాధ మనకి అందినప్పుడు, అతను అంతకుముందు ఏం చేశాడో ఎంచి చూసి, మార్కులు వేసి, ఆపైన ఏడవాలా వద్దా అని మనం నిర్ణయించుకోం. ఏడుపు ముందే వచ్చేస్తుంది. కరుణరసానికి యోగ్యతాపత్రం అడిగే పద్ధతి లేదు. కాబట్టి "నీకు జాలి కలిగింది, అంటే నువ్వు అధర్మాన్ని సమర్థిస్తున్నావు" అనే నేరారోపణ నిలబడదు.

అసలు చిక్కు ఇంకో చోట మొదలవుతుంది. జాలి కలిగాక మనం ఊరుకోం. నచ్చినవాడు మంచివాడు కూడా అయితే బాగుండు అనిపిస్తుంది, అలా చేయడానికి అడ్డొచ్చే సీన్లని చిన్నవి చేయడం మొదలుపెడతాం. ఆ అడ్డొచ్చే సీన్లలో పెద్దది జూదం నాటి సభ. అందుకే దెబ్బ ఎప్పుడూ ద్రౌపది మీదే పడుతుంది.

ఆ రోజు ఏం జరిగిందో ఒకసారి నెమ్మదిగా చూద్దాం. ధర్మరాజు అన్నీ ఓడి, తమ్ముల్ని ఓడి, తనని ఓడి, ఆఖరున ద్రౌపదిని పెట్టి ఓడాడు. దుర్యోధనుడు ఆమెని దాసీల మధ్యకి తీసుకురమ్మని ప్రాతికామి అనే సూతుణ్ణి పంపాడు. ఏకవస్త్రగా ఉన్న ద్రౌపది కంగారుపడి ఏడుస్తూ కూర్చోలేదు, వాణ్ణి వెనక్కి తిప్పి పంపింది. ముందు తనని ఓడి నన్నొడ్డాడా, నన్నొడ్డి తనని ఓడాడా, వెళ్లి సభలో అడుగు అంది. దాసుడైపోయినవాడికి ఇంకొకరిని పణంగా పెట్టే హక్కు ఉంటుందా అనే న్యాయప్రశ్న అది. భీష్ముడు ధర్మం సూక్ష్మమని నసిగాడు. దుశ్శాసనుడు జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాడు. నూరుగురిలో ఒకడైన వికర్ణుడు లేచి ఆమె ఓడిపోలేదు అని చెప్పాడు. అతని నోరు మూయించింది ఎవరు? మన కర్ణుడు. ఆమెని వేశ్య అన్నది ఆయనే, ఆమె బట్టలూ పాండవుల బట్టలూ లాగెయ్యమన్నది ఆయనే. అస్త్రవిద్యా ప్రదర్శనలో పుట్టుక అడగొద్దని గొంతు చించుకున్న స్నేహితుడు దుర్యోధనుడు ఇక్కడ ఎడమ తొడ మీది బట్ట తొలగించి ఆమెకి చూపించాడు. పుట్టుకని బట్టి మనిషిని అవమానించడం తప్పని గుర్తుపట్టగలిగిన ఇద్దరూ, ఓడిపోయిన మనిషిని, ఆడమనిషిని అవమానించే చోట ఏమీ గుర్తుపట్టలేదు. ఈ రెండు సభల్నీ పక్కపక్కన పెట్టి చూడటం అభిమానికి చాలా కష్టమైన పని. నాకూ కష్టమే. కానీ ఇవి పక్కపక్కన లేకపోతే ఆ పాత్రే లేదు.

"ద్రౌపది నవ్వింది కాబట్టి" అనే వాదం ఇక్కడే వస్తుంది. మయసభలో నేలనుకుని నీళ్లలో పడ్డ దుర్యోధనుణ్ణి చూసి ద్రౌపది పగలబడి నవ్వింది, గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే అంది, అందువల్లే ఇదంతా అని. వ్యాసుడి సభాపర్వంలో కథ చెప్పేవాడు ఈ సంఘటన చెప్పినప్పుడు నవ్వినవాళ్లు భీముడు, అర్జునుడు, కవలలు, సేవకులు. ద్రౌపది పేరు లేదు. ఇంటికెళ్లాక దుర్యోధనుడు తండ్రితో గోడు వెళ్లబోసుకుంటున్నప్పుడు మాత్రం ఆమె కూడా ఆడవాళ్లతో కలిసి నవ్విందని చెప్తాడు. గుడ్డివాడి కొడుకు అన్న మాట రెండు చోట్లా లేదు. అంటే ద్రౌపది నవ్వుకి సాక్ష్యం ఆయన చెప్పిన మాటే. అబద్ధమే చెప్పాడని నేననను, అవమానపడ్డవాడికి అందరి నవ్వూ వినిపిస్తుంది, లేని నవ్వు కూడా వినిపిస్తుంది. అసలు ఆయన్ని కాల్చింది నవ్వు ఒక్కటే కాదు కూడా. రాజసూయంలో రాజులు తెచ్చిన కానుకలు తీసుకునే పని ఆయనదే, అవి అందుకోలేక చేతులు నొప్పులు పుట్టాయని తనే చెప్పుకున్నాడు. దాయాదుల సంపద చూసి ఒళ్లు మండిందని దాచుకోకుండా ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. మన వాదం మాత్రం ఆయన ఒప్పుకున్న అసూయని వదిలేసి ఒక ఆడమనిషి నవ్వుని పట్టుకుంటుంది. సరే, ఆమె నవ్విందనే అనుకుందాం. నవ్వుకి శిక్ష అదా?

భానుమతి సంగతి కూడా ఇలాంటిదే. 'చిత్రం భళారే విచిత్రం' అని సి. నారాయణరెడ్డి రాసిన యుగళగీతం విన్నవాళ్లకి ఆ దంపతులంటే ముచ్చట. సంస్కృతంలో భట్టనారాయణుడి 'వేణీసంహారం'లో కూడా ఆమె భానుమతే, భర్త క్షేమం కోసం ఆరాటపడే భార్య. వ్యాసుడి శాంతిపర్వంలో ఏముందంటే, కళింగరాజు కూతురి స్వయంవరంలో ఆ అమ్మాయి దుర్యోధనుణ్ణి దాటి ముందుకి నడిచిపోయింది. ఆయన అది సహించలేక ఆమెని రథమెక్కించుకుని ఎత్తుకుపోయాడు, వెంటపడిన రాజుల్ని కర్ణుడు అడ్డుకున్నాడు. ఆమె పేరు కూడా అక్కడ లేదు. భీష్ముడు కాశీరాజు కూతుళ్లని తీసుకొచ్చింది కూడా ఇలాగే కదా అని మీరనొచ్చు, నిజమే. కానీ పాట వింటున్నప్పుడు ఆ దాటి వెళ్లిపోయిన అమ్మాయి ఒక్కసారైనా గుర్తుకు రావాలని నా కోరిక.

పాండవులకి మచ్చలు లేవా అంటే బోలెడు. చిన్నప్పుడు భీముడు కౌరవ పిల్లల్ని నీళ్లలో ముంచి ఉక్కిరిబిక్కిరి చేసేవాడు, వాళ్లు చెట్టెక్కితే చెట్టు ఊపి కిందపడేసేవాడు. అలాంటి చోట పెరిగిన పిల్లాడికి పగ పుట్టిందంటే అర్థం చేసుకోగలను. ఆ పగతో భీముడికి విషం పెట్టి, తీగలతో కట్టి గంగలో తోసేశాడంటే అర్థం చేసుకోగలిగినా ఒప్పుకోలేను. లక్క ఇల్లు కట్టించింది దుర్యోధనుడు. దానికి నిప్పు పెట్టి పాండవులు తప్పించుకున్న రాత్రి లోపల తాగి నిద్రపోతున్న నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు కాలిపోయారు, పాండవులే చనిపోయారని లోకం అనుకోవడానికి ఆ శవాలు పనికొచ్చాయి. ఆ ఆరుగురి పేర్లు ఎవరికీ తెలియవు. పాండవుల్ని దించడానికి ఈ సంఘటన వాడుకోవడం నేను చాలాసార్లు చూశాను. అయితే ఆ నిషాద తల్లి చావు పాండవుల ఖాతాలో రాసినంత మాత్రాన ద్రౌపది విషయంలో దుర్యోధనుడి ఖాతా తగ్గదు. రెండు అప్పులూ రెండు చోట్ల అలాగే ఉంటాయి.

మరొకటి, "జానామి ధర్మం న చ మే ప్రవృత్తిః" అనే శ్లోకం. ధర్మం నాకు తెలుసు కానీ అటు నడవలేను, అధర్మమూ తెలుసు కానీ మానలేను అని దుర్యోధనుడు అన్నట్టుగా అందరూ చెప్పుకుంటారు. ఇది భారతంలోది కాదు, పాండవగీత అనే స్తోత్రసంకలనంలోది. నాకు ఈ శ్లోకం అంటే గౌరవమే, కానీ ఇది మన సుయోధనుణ్ణి మరీ మెత్తబరుస్తుంది. భారతంలోని దుర్యోధనుడు అలా నిస్సహాయంగా మాట్లాడేవాడు కాదు. రాయబారానికి వచ్చిన కృష్ణుడితో, సూది మొన మోపినంత నేల కూడా ఇవ్వను, నేను చేసిన తప్పేంటో నాకు కనిపించడం లేదు అని మొహం మీదే చెప్పాడు. పశ్చాత్తాపపడే దుర్యోధనుడు మనకి హాయిగా ఉంటాడు, ఎందుకంటే అతన్ని ఇష్టపడటం తేలిక. చివరిదాకా తప్పు ఒప్పుకోని దుర్యోధనుణ్ణి, అంత మొండివాణ్ణి, అలాగే ఉండనిచ్చి ఇష్టపడగలమా అన్నదే అసలు పరీక్ష.

అలా ఇష్టపడిన మనిషి భారతంలో ఒకరున్నారు. యుద్ధం మొదలయ్యే ముందు దుర్యోధనుడు తల్లి దగ్గరికి వెళ్లి, అమ్మా, నాకు జయం కలగాలని దీవించు అని అడిగాడు. గాంధారి, ధర్మం ఎక్కడుంటే జయం అక్కడుంటుంది అంది. నువ్వే గెలుస్తావని మాత్రం అనలేదు. స్త్రీపర్వంలో ఆవిడే యుద్ధభూమికి వచ్చి, రక్తంలో తడిసిన కొడుకుని చూసి కూలబడిపోయింది, ఒకప్పుడు వింజామరలు వీయించుకున్నవాడికి ఇప్పుడు గద్దలు రెక్కలతో వీస్తున్నాయని ఏడ్చింది, కోడలు ఒక చేత్తో కొడుకునీ ఒక చేత్తో భర్తనీ తడుముతుంటే చూడలేకపోయింది, కృష్ణుణ్ణి శపించింది. కొడుకు తప్పు చేశాడని ఆవిడకి తెలుసు, సభలో ద్రౌపదికి జరిగిందీ తెలుసు. ఆ ఏడుపులో ఎక్కడా ద్రౌపదిది తప్పని అనలేదు. కొడుకు కోసం ఏడవడానికి ఇంకో ఆడపిల్లని చిన్నబుచ్చాల్సిన అవసరం ఆవిడకి రాలేదు. అభిమానులుగా మనం నేర్చుకోగలిగితే ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి.

ఇక స్కూలు స్టేజీ సంగతి. ఏకపాత్రాభినయం అనగానే మగపిల్లలకి సుయోధనుడు సిద్ధంగా ఉంటాడు. భీముడి ప్రతిజ్ఞలు కావాలంటే "కురువృద్ధుల్ గురువృద్ధబాంధవులనేకుల్" అని నన్నయ పద్యం పాఠ్యపుస్తకాల్లోనే దొరుకుతుంది. "చెల్లియో చెల్లకో" అంటూ తిరుపతి వేంకట కవుల కృష్ణుడు నాటకాల పుణ్యమా అని ఊరూరా ఉన్నాడు. ద్రౌపదికి తిక్కన రాసిన "వరమున బుట్టితిన్" పద్యం ఉంది, గొప్ప పద్యం, కానీ అది ఆ తర్వాత చాలా ఏళ్లకి కృష్ణుడితో చెప్పుకున్న బాధ. సభలో వేసిన ఆ మొదటి ప్రశ్న, భీష్ముడంతటివాడు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న, స్టేజీ మీద నేనైతే వినలేదు. గద పట్టుకున్న పిల్లాడు తన డైలాగు అదరగొట్టి, ఈలలు వేయించుకుని దిగాక, వెంటనే ఒక అమ్మాయి ఎక్కి ప్రాతికామిని వెనక్కి పంపిన ద్రౌపదిగా ఆ ప్రశ్న అడగాలి. నన్నయ సభాపర్వం తీసి పద్యాలు వెతుక్కోవచ్చు. పద్యం నోరు తిరగకపోతే మామూలు మాటల్లో రాసుకోవచ్చు. మీ స్కూల్లో ఎవరైనా చేస్తామంటే ఆ రెండు పేజీలు నేను రాసిస్తాను.